మట్టిరంగు చీర

నంద్యాల,
వినాయక చవితి వెళ్లిన వారం.

అత్తా,

ఈ ఇంట్లో నా నోట్లోంచి ఏ మాట వచ్చినా దానికి అర్థం చెప్పడానికి నలుగురు కాచుకొని ఉంటారు. అన్నదాన్ని నేనే కదా, నన్నొక మాట అడగొచ్చు కదా అన్న ఆలోచన ఒక్కరికీ రాదు. మొన్న మీ ఇంట్లో నువ్వు చీర చేతికిస్తే, "ఈ మట్టిరంగు చీర యాడ దొరికింది అత్తా?" అన్నాను. అంతే. అమ్మ నా మోచేయి గిల్లింది. నాయన గుటకలు మింగినాడు. నీ కొడుకు శివప్రసాద్ తల వంచుకొని ఫోన్‌లో దూరినాడు. తిరుగు బస్సు ఆళ్లగడ్డ పొలిమేర దాటకముందే తీర్పు వచ్చేసింది: కిడ్నీ ఇచ్చిన మనిషిని నలుగురిలో అవమానించినాను, డిగ్రీ చదివినందుకు కండ్లు నెత్తికెక్కినాయి, బావను చేసుకోవడం ఇష్టం లేక చీర మీద సాకు పెట్టినాను.

మూడోది సగం నిజం. బావను చేసుకోవడం నాకు ఇష్టం లేదు. దానికి చీర సాకు అక్కర్లేదు, బావ చాలు.

చీర సంగతి మాత్రం నేను చూసిందే చెప్పినాను. నాకది మట్టిరంగే. నా రెండు కిడ్నీలూ చెడిపోతే నువ్వు ఒకటి ఇచ్చినావు, నేను బతికినాను. ఆ ఆపరేషన్ జరిగిన రోజు వచ్చిందని ఏటా మీ ఇంట్లో పూజ, భోజనాలు, నాకు చీర. నేను బొమ్మ మాదిరి మధ్యలో కూచోవాలి. వచ్చినవాళ్లంతా నా కడుపు వైపు చూసి నీకు దండం పెట్టాలి. ఇన్ని నాటకాల్లో నేను అన్న ఒక్క మాట ఉన్నమాట. దాన్నే నేరం చేసినారు.

ఫోన్ చేయకుండా ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో స్పీకర్ పెట్టకుండా మాట్లాడితే దొంగతనం కింద లెక్క. నీ ఫోనేమో ఎప్పుడూ బావ జేబులో ఉంటుంది. పూలమ్మడానికి వారం వారం ఇక్కడికొచ్చే రాములమ్మ నీ పంపరపనసకాయల సంచి తెస్తుంది కదా. ఖాళీ సంచి అడుగున ఇది పెడుతున్నాను. నువ్వు రాస్తే కాయల కింద పెట్టు.

కాయలు అందినాయి. అహోబిలం స్వామి ముందు పెట్టి పంపించినావని అమ్మ ఒక్కోదాన్ని కండ్లకద్దుకొని వలుస్తుంది. ఈ ఉప్పులేని బతుకులో నాలుకకు తగిలేది అదొకటే.

ఇంద్రజ

*

ఆళ్లగడ్డ.

ఇంద్రా,

జాబు సూసినా. మట్టిరంగా? మేయ్, నీకేమన్నా బుద్ధుండాదా? ధర్మవరం నుంచి తెప్పించినా దాన్ని. కుంకుమ ఎరుపు. అంగడాయప్ప గుట్టగా పరిస్తే అన్నిట్లో దాన్నే ఏరినా. ఈ బజారులో ఎవుర్నన్నా అడుగు, ఎరుపే అంటారు. నీకొక్కదానికే మట్టి.

నీకు మా శివా నచ్చకుంటే నచ్చల్యా అని చెప్పు. చీరను తిట్టేదేందీ? ఆ పొద్దు అందరూ పోయినంక నేను వంటింట్లో కూచోని ఏడ్చినా. ఆ మాట నీకు రాయగూడదనుకున్నా, రాస్తాండా.

ఇంగోటి. నీ అచ్చరాలేంది, ఒక వరస మీద ఇంగో వరస ఎక్కుతాండాయి? కాలేజీ సదివిన పిల్ల రాసేది అట్లనా? నేను అయిదో తరగతితో నిలిపిన దాన్ని, నావి చూడు, ఎట్ల నిలబడుకోనుండాయో.

నా బిడ్డ, అదే ఆ కిడ్నీ, ఎట్లుండాది? దానికి నీళ్లు సాలకుండా చేయొద్దు. మాత్తర్లు యాళకు మింగు. అవి వేడి. ఒళ్లు ఉడుకుతుంది. అందుకే స్వామికి మొక్కుకోని చెట్టు కాయలన్నీ నీకే పంపిస్తాండా. ఈ ఏడు చెట్టు ఎండాకాలం నుంచే ఆపకుండా కాస్తాండాది, అంతా స్వామి దయ. ఇంట్లో ఎవురికీ ఒక తొన గూడా పెట్టల్యా.

మీ అత్త
లక్ష్మీకాంతమ్మ

*

నంద్యాల,
దసరా సెలవులు.

అత్తా,

నీ బిడ్డ బాగుంది. నా కడుపులో నీ బిడ్డ అనే మాట విన్నప్పుడల్లా నేనొక అద్దె ఇల్లు అనిపిస్తుంది. పోనీలే.

నీ జాబు చదివి కోపం వచ్చింది. కోపంలో చీర తీసి కిటికీ దగ్గర పరిచినాను. మట్టి. అమ్మ కుంకుమ భరిణె తెచ్చి పక్కన పెట్టినాను. అదీ మట్టే. ఇటుక పొడి ఎండబెట్టినట్టు. మా పక్కింటి పూజితను పిలిచి, నా క్లాస్‌మేటే, ఇవి ఏం రంగులే అని అడిగినాను. అది నా మొహం చూసింది. "నాతో పరాచికాలా?" అనింది. నేను నవ్వలేదని తెలిసినాక అదీ నవ్వడం ఆపేసింది.

మా మిద్దె మీద నిలబడితే బస్టాండుకు పోయే బండ్లన్నీ కనబడతాయి, నీకు తెలుసు. ఈ ఊరు వదిలి ఎక్కడికీ పోలేని దాన్ని కాబట్టి పోయే బస్సుల బోర్డులు చదువుకోవడం నా కాలక్షేపం. నందికొట్కూరు, కోయిలకుంట్ల, బెలుం గుహలు. ఆ రోజు పూజితను పక్కన పెట్టుకొని చదివినాను. నాకు కోయిలకుంట్లలో మొదలూ చివరా కనిపిస్తున్నాయి. నడుమ ఎవరో బొటనవేలితో తుడిచినట్టుంది. ఒక కన్ను మూసినా అంతే, ఇంకొకటి మూసినా అంతే. నొప్పి లేదు. నొప్పి ఉండుంటే ఎప్పుడో తెలిసేది.

ఇప్పుడు అన్నీ అతుకుతున్నాయి. శ్రావణంలో పెండ్లికి పోయినప్పుడు పెద్దనాయన ఎదురొస్తే పలకరించలేదని గోల చేసినారు కదా, ఆయన మొహం నాకు కనపడలేదు. పంచె కనబడింది. పంచెకు నమస్కారం పెట్టేదా?

నాయనకు చెప్పినాను. "ఫోన్ తక్కువ చూడు" అన్నాడు. అద్దాల అంగడికి తీసుకుపోయి అద్దాలు చేయించినాడు. వాటితో మట్టి ఇంకొంచెం స్పష్టంగా కనబడుతోంది. హైదరాబాదులో ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి పోదామంటే, "కార్తీకంలో తాంబూలాలు మార్చుకోనీ, ఆ తర్వాత చూద్దాం. ఇప్పుడు కండ్లు అని బయటికి పొక్కితే ఏమనుకుంటారు?" అన్నాడు. ఎరువుల అంగట్లో కూచోని గడువు దాటిన పురుగుమందును ముందు వరసలో పెట్టే మనిషి. కూతురి దగ్గరా అదే తెలివి.

అందుకే నిన్ను అడుగుతున్నాను. నువ్వొక్కదానివి చెబితే నాయన వింటాడు. "పిల్లను ఆస్పత్రికి తీసుకుపో" అని ఒక్క మాట అను. కండ్ల సంగతి మాత్రం నువ్వు ఎత్తొద్దు, నేను నీకు రాసినట్టు తెలిసిపోతుంది. రొటీన్‌గా చూపించమని చెప్పు. బావకు అసలు చెప్పొద్దు.

చీర విషయంలో నేను అబద్ధం ఆడలేదు. ఇప్పటికైనా అర్థమైంటుంది.

ఇంద్రజ

*

ఆళ్లగడ్డ.

ఇంద్రా,

నువ్వేం బయపడాకు. అదంతా వేడి. మాత్తర్ల వేడి కండ్లకు కొట్టింది. నాకు గూడా చిన్నప్పుడు ఎండల్లో కండ్లు మసకలు కమ్మేవి. మా అమ్మ ఆముదం పెట్టేది, పోయేది.

రాములమ్మతో ఈ తూరి రెండు సంచులు పంపించినా. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి తిను. చలవ చేస్తుంది. స్వామి ముందర పెట్టినప్పుడు నీ కండ్లు అని చెప్పుకోనే పెట్టినా.

మీ నాయన సుబ్బయ్యతో మాట్లాడతాలే. తొందరపడొద్దు. మాత్తర్లు మాత్రం యాడా ఒక్కటి గూడా ఇడిసిపెట్టొద్దు, నీకు దండం పెడతా.

అత్త

*

నంద్యాల,
కార్తీకం మొదట్లో.

లక్ష్మీకాంతమ్మ గారికి,

మాట్లాడినారు. బాగా మాట్లాడినారు. స్పీకర్లో నేనూ విన్నాను. "పిల్లకు కండ్లు పోతాండాయంట సుబ్బయ్యా, ఆస్పత్రి అంటాంది, పోతే ఆ డాక్టర్లు మాత్తర్లు మారుస్తారేమో, మారిస్తే కిడ్నీకి ఏమన్నా అయితే ఎట్లప్పా?" ఒక్క మాట వదలకుండా చెప్పినారు. మీకు రాసిందాన్ని మీరు ఇంత శ్రద్ధగా చదువుతారని నాకు తెలీదు.

మర్నాడే మీ కొడుకు దిగినాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్వీట్ల డబ్బా. నేను వాకిట్లోనే ఉన్నా నాతో మాట్లాడకుండా మా నాయనతో అంటాడు:

"నాకేం అభ్యంతరం లేదు మామా. కండ్లు కనపడకున్నా చేసుకుంటా. మా అమ్మ కిడ్నీ ఉండే మనిషి, బయటి ఇంటికి పోతే బాగుండదు కదా."

నాయన కండ్లు తుడుచుకున్నాడు. అమ్మ కాఫీలో చక్కెర రెండు చెంచాలు ఎక్కువేసింది. ఇంత గొప్ప మనసు మా వాకిట్లో ఎప్పుడూ నిలబడలేదట.

నేనడిగినాను: "బావా, నేను నిన్ను చూడలేకపోతే నీకు లాభమా, నష్టమా?"

"ఏందీ?" అన్నాడు.

"ఏం లేదు. కిడ్నీ మీ అమ్మది కాబట్టి ఇంటికి తోలుకుపోతానంటివి. మిగతాది మా వాళ్లది. అది ఈడ దించిపోతావా?"

నాయన చెయ్యెత్తినాడు. ఆపరేషన్ అయినప్పట్నుంచి నన్ను కొట్టరు, నన్ను కొడితే మీకు తగులుతుందని. చెయ్యి అట్లనే గాల్లో ఉండిపోయింది. చూడ్డానికి బస్సు ఆపుతున్నట్టుంది.

మీ గురించి ఒక మాట. ఆపరేషన్‌కు ముందు మీరు ఎవరో ఈ జిల్లాలో ఎవరికీ పట్టదు. ఇప్పుడు మీకు ముందు వరస కుర్చీ. "కిడ్నీ ఇచ్చినమ్మ" అంటూ పసిపిల్లల్ని తెచ్చి మీ ఒడిలో పెడతారు. నా కండ్లు పోయినా మీ కుర్చీ పోదు. కిడ్నీ పోతే పోతుంది. మీకు ఏది ముఖ్యమో తెలుసుకోవడానికి జువాలజీ చదవక్కర్లేదు.

నేను పూజితతో కలిసి ఆస్పత్రికి పోతున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీరు చెప్పుకోండి, ఈ జాబు చేరేసరికి నేను తిరిగొచ్చేసుంటాను.

ఇంద్రజ

*

ఆళ్లగడ్డ.

ఇంద్రా,

నన్ను గారూ గీరూ అంటాండావ్. తిట్టుంటే బాగుండు.

కుర్చీ అంటివి కదా. అవును. ఉండాది. చెప్తా విను.

మీ మామ పోయినంక నన్ను పేరంటాలకు పిలిచేది నిలిపిరి. పెండ్లిలో పీటల కాడికి పోతే మా అక్కే, సొంత అక్క, "నువ్వు ఆ పక్కకు కూచో" అనింది. వంటల కాడ కూచుంటి. పన్నెండేండ్లు వంటల కాడనే. నీకు కిడ్నీ ఇచ్చినంక అదే అక్క నా చెయ్యి పట్టుకోని పీటల పక్కకు తీసుకపాయ. తాళి లేని దాన్ని. నువ్వు దాన్ని ఎగతాళి చేస్తాండావ్. చెయ్యి. నీకు తెల్దు.

ఆ చీర గూడా అందుకే. నేను కట్టుకోలేని రంగు అది. అంగట్లో నా మీద వేసుకోని సూస్తి. అంగడాయప్ప వేరే పక్కకు తిరిగినాడు. నువ్వన్నా కడతావని తెస్తి. నువ్వు మట్టి అంటివి.

బయమైంది ఇంద్రా. నాకు ఉండేది ఇంగొకటే. నీలో ఉండేది పోతే ఇచ్చేకి ఇంగోటి ల్యా. సుబ్బయ్యకు చెప్పకుండా ఉండలేకపోయినా. ఆ మాత్తర మార్చనీయొద్దు. కండ్లకు అద్దాలుండాయి, ఆపరేషన్లుండాయి. కిడ్నీకి ఏముండాది?

ఆస్పత్రిలో ఏమన్నారో రాయి. కాయలు పంపించినా, తిను. నా మీద కోపం కాయల మీద చూపించొద్దు.

అత్త

*

నంద్యాల.

అత్తా,

చీర సంగతి చదివినాను. దాని గురించి తర్వాత రాస్తాను.

ఆస్పత్రిలో ఏమన్నారో ముందు చెబుతాను. మొదట నుంచి చివరి దాకా చదువు, నడుమ ఏడవొద్దు.

కండ్ల డాక్టరమ్మ ఒక పుస్తకం చూపించింది. చుక్కల్లో అంకెలు దాచిన పుస్తకం. పూజిత పక్క నుంచి చూసి గబగబా చదివేస్తోంది. నాకు చుక్కలే, అంకెల్లేవు. ఎర్ర మూత ఒకటి చేతిలో పట్టుకొని "ఏం రంగు?" అనింది. "మట్టి" అన్నాను. ఆమె గిల్లలేదు, గుటకలు మింగలేదు. రాసుకుంది. రెండు నెలల్లో నా మాటను మాటగా రాసుకున్న మొదటి మనిషి ఆమే.

కంటి వెనక నుంచి మెదడుకు పోయే నరం దెబ్బతింటోందట. రెండు పక్కలా. అద్దాలతో, ఆముదంతో, వేడితో, ఫోన్‌తో దానికి సంబంధం లేదు. మన ఒంటికి వేరే మనిషి కిడ్నీ పరాయిదే. దాని మీద ఒళ్లు తిరగబడకుండా నేను పూటపూటా మింగే టాక్రోలిమస్ అనే మాత్ర ఉంది చూడు, అది ఎక్కడో కొందరికి ఇట్లా చేస్తుందట. కిడ్నీని కాపాడే మాత్రే కండ్లను తింటోంది.

తర్వాత కిడ్నీ డాక్టరు, రాజరత్నం గారు, రక్తం చూసినాడు. ఒంట్లో ఆ మందు ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువుంది. "మాత్రలు ఎక్కువ మింగుతున్నావా?" అన్నాడు. లేదన్నాను. "ఏం తింటున్నావు?" అన్నీ చెప్పినాను. అన్నం, ఉప్పులేని పప్పు, సొరకాయ, ఇడ్లీ. ఇంకేం లేదా అని మూడుసార్లు అడిగినాడు. ఇంకేం లేదన్నాను.

"ప్రసాదం చెప్పవా?" అనింది పూజిత.

"అది తిండి కాదు కదే" అన్నాను. నేనే. జువాలజీలో ఫస్ట్ క్లాసు. రెండేండ్లుగా చెకప్‌కు పోయినప్పుడల్లా ఆ మాటే అడుగుతారు, అమ్మ పక్కన కూచోని తిన్నవన్నీ ఏకరువు పెడుతుంది. ప్రసాదాన్ని ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నాకూ తోచలేదు. స్వామి ముందు పెట్టింది తినే వస్తువుల్లోకి రాదు మన ఇండ్లల్లో.

"ఏం ప్రసాదం?" అన్నాడాయన.

"పంపరపనస."

ఆయన చేతిలో పెన్ను ఆగింది. ఆ పండు ఈ మందును ఒంట్లోంచి పోనీయదట. పేరుస్తుందట. నువ్వు రెండు సంచులు పంపిన వారం నేను పొద్దునా సాయంత్రం తిన్నాను.

ఆయన ఇంకో మాట కూడా చెప్పినాడు, అది దాచడం న్యాయం కాదు. పండు తినని వాళ్లలో కూడా కండ్లు ఇట్లా పోయిన వాళ్లున్నారు. "పండు వల్లే అని నేను రాసివ్వను, కాదని కూడా రాసివ్వను" అన్నాడు. కాబట్టి నిన్ను నేను ఏమీ అనడం లేదు. జరిగింది చెబుతున్నాను.

పండు ఆపాలి, అది సరే. ఇప్పటికి మోతాదు తగ్గించినారు. కానీ దెబ్బ తిన్న నరానికి ఆ మందు కొంచెమున్నా మంచిది కాదట. దాన్ని పూర్తిగా తీసేసి వేరేది మొదలుపెట్టాలి, ఆస్పత్రిలో ఉంచి. కొత్త మందుకు ఒళ్లు ఒప్పుకోకపోతే కిడ్నీ పోవచ్చు. మార్చకుండా ఉంటే మిగిలిన చూపు పోవచ్చు. మార్చినా పోయిన చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేరు. ఆలోచించుకొని రమ్మన్నారు.

ఆలోచిస్తున్నాను. మళ్లీ కాయలు పంపొద్దు.

ఇంద్రజ

*

ఆళ్లగడ్డ.

ఇంద్రా,

పెద్ద అచ్చరాలతో రాస్తాండా. కనపడతాయా?

నా చేత్తో కోసినా. నా చేత్తో సంచిలో కట్టినా. ఇంట్లో ఒక్కరికీ పెట్టకుండా నీకే పంపిస్తి.

చెట్టు కొట్టేయమని చెప్పినా. మనిషి ఎల్లుండి వస్తానన్నాడు.

సుబ్బయ్యకు చెప్పొద్దు. మా అక్కకు తెలియొద్దు. ఎవురికీ చెప్పొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా.

పండు నిలిపితిమి కదా, అది సాలదా? మాత్తర ఉండనీ ఇంద్రా. దాన్ని మార్చొద్దు. నీకు కనపడకుంటే నేనుండా. శివాను చేసుకోని ఈడికి రా. నీకు అన్నం కలిపి పెడతా, తల దువ్వుతా, యాడికి పోవాలన్నా చెయ్యి పట్టుకోని పోతా. నా కండ్లు నీవే అనుకో. నేను బతికినన్నాళ్లు నీకు ఏ కష్టం రానీయను. ఆ కిడ్నీ ఒక్కటి ఉండనీ.

అత్త

*

నంద్యాల.

అత్తా,

కనబడ్డాయి. నీ అక్షరాలు ఇప్పుడు చాలా బాగున్నాయి. సంచి రావడం లేదు కాబట్టి దీన్ని పోస్టులో వేస్తున్నాను. బావ చింపి చదివినా నాకు బాధ లేదు. చదవనీ.

పండు సంగతి నాయనకు చెప్పినాను. నువ్వు వద్దన్నావు, నేను చెప్పినాను. దాచిపెడితే ఏ పుణ్యాత్మురాలో ఇంకో సంచి పంపిస్తుంది, అమ్మ కండ్లకద్దుకొని వలుస్తుంది. నువ్వు భయపడాల్సింది ఏమీ జరగలేదులే. నాయన నవ్వినాడు. "స్వామి ప్రసాదం యాడన్నా చెడుపు చేస్తుందా? ఆ డాక్టరుకు ఏం తెలుసు?" అన్నాడు. అమ్మ చెంపలేసుకుంది, నా తరఫున. పెద్దనాయన ఫోన్ చేసి నేను నీ మీద నింద వేస్తున్నానని చీవాట్లు పెట్టినాడు. నీ కుర్చీ ఎక్కడికీ పోదు. ఈ కుటుంబంలో నిజం చెప్పినా నమ్మరు కాబట్టి నువ్వు దేవతగానే ఉంటావు.

చెట్టును కొట్టించొద్దు. దాని పని అది చేసింది, కాయమంటే కాసింది. ఆ కాయల్ని బజార్లో పిల్లలకు పెట్టు. వాళ్లు మాత్రలు మింగడం లేదు.

నా చెయ్యి పట్టుకొని నడిపిస్తానన్నావు. అన్నం కలిపి పెడతానన్నావు. ఆ మాట చదివి పూజిత కండ్లనీళ్లు పెట్టుకుంది, దానికి పెద్ద మాటలంటే ఇష్టం. నేను పెట్టుకోలేదు. నువ్వు అడుగుతున్నది ఏమిటో నాకు తెలుసు. నీ కిడ్నీ చుట్టూ నేను కదలకుండా కూచోవాలి, కదలకుండా ఉండటానికి కండ్లు అక్కర్లేదు. నువ్వు మంచిదానివే. మా అందరిలోకీ నువ్వే మంచిదానివి. మంచితనంతో కట్టేస్తే మనిషి ఊపిరాడక చస్తుందని నీకు ఎవరూ చెప్పలేదు.

పన్నెండేండ్లు వంటల కాడ కూచోబెట్టిన వాళ్ల మీద నీకు కోపం లేదు. కిడ్నీ తీసి చూపిస్తే గానీ కుర్చీ వేయని వాళ్లు వాళ్లు. వాళ్ల ముందు ఆ కుర్చీ నిలబెట్టుకోవడానికి నా కండ్లు కావాలా? నా కండ్లతో పన్లేదు. కుర్చీ నువ్వే లాక్కొని కూచోవచ్చు.

ఈ జాబుతో పాటు ఒక కట్ట వస్తుంది. నీ చీర. మడత విప్పలేదు, కిటికీ దగ్గర పరిచిన ఒక్క రోజు తప్ప. పూజితను అడిగినాను, కుంకుమ ఎరుపే అనింది, అట్లాంటి ఎరుపు నంద్యాలలో దొరకదట. నాకు మట్టి. చూడగలిగిన వాళ్లు కట్టుకోవాలి దాన్ని. నువ్వు కట్టుకో. మీ అక్క మొహం ఎట్లా ఉంటుందో చూడాలని ఉంది. నాకు ఎటూ సరిగా కనపడదు, నువ్వే చూసి రాయి.

శివప్రసాద్‌ను చేసుకోను. తాంబూలాల రోజు నేను ఇంట్లో ఉండను.

నువ్వు ఇచ్చినావు, నేను తీసుకున్నాను. ఇప్పుడది నా కిడ్నీ. నిలిస్తే నిలుస్తుంది. పోతే డయాలసిస్‌కు పోతాను, అది నాకు తెలిసిన దారే. సోమవారం పొద్దున బస్సెక్కి పోయి ఆస్పత్రిలో చేరుతున్నాను. మందు మార్పించుకుంటాను.

ఇంద్రజ